నలుగురికి సరిపడే ఇల్లు

సోమవారం పొద్దున హౌసింగు ఆఫీసు నుంచి కొలతలాయన వస్తాడని కబురు అందగానే కాజాలమ్మ ఇల్లు సర్దడం మానేసింది. మానేయడమే కాదు, సర్ది ఉన్నదాన్ని పనిగట్టుకుని చెదరగొట్టింది. మంచం కింద గోడదాకా తోసి ఉంచిన ట్రంకుపెట్టెను ముందుకు లాగింది. పైన కొక్కేలకు వేలాడదీసిన దుప్పట్ల మూటను దించి పెట్టె మీద పడేసింది. కుట్టాల్సిన చొక్కాల కట్టను గుమ్మానికి అడ్డంగా పెట్టింది. కూతుళ్ళిద్దర్నీ బడికి పంపలేదు. చిన్నదాన్ని ఆడుకోవడానికీ బయటికి వదల్లేదు. ఇంట్లో చోటు లేదని నోటితో చెబితే ఏ ఆఫీసరూ వినడు గాని, మోకాలికి ఏదైనా గట్టిగా తగిలితే ఎవరికైనా అర్థమవుతుందని ఆమె నమ్మకం.

ఆ ఇళ్ళ వరసలో ఆమెను అందరూ కాజాలమ్మ అనే పిలుస్తారు. టైలరు మాస్టరు దుకాణం నుంచి కట్టలు కట్టలుగా చొక్కాలు తెచ్చుకుని, చేత్తో కాజాలు కుట్టి, గుండీలు పెట్టి తిరిగి ఇస్తుంది. ఆమె భర్త ఒక కోల్డ్ స్టోరేజిలో రాత్రి కాపలాదారు. పొద్దున ఆరింటికి ఇల్లు చేరతాడు. అతని తల్లీ, చిన్న కూతురూ అంతవరకూ పడుకున్న మంచం మీదే, వాళ్ళు దిగగానే అతను ఎక్కుతాడు. ఆ మంచం చల్లారిన రోజు లేదు. కాజాలమ్మా పెద్ద కూతురూ కింద చాప మీద పడుకుంటారు. ఉన్నది ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే నీళ్ళ బిందెలు, అందులోనే పెద్దదాని చదువు. ఎవరికైనా కోపమొచ్చి విసురుగా లేచి వెళ్ళిపోదామన్నా, దారిలో ఉన్నవాళ్ళు ముందు కాళ్ళు ముడుచుకోవాలి. అలా ముడుచుకునే లోపల కోపం పోతుంది.

"అత్తయ్యా, మీరు కాస్త చాప మీద పడుకోండి," అంది కాజాలమ్మ.

"నాకేమైందే పడుకోవడానికి?"

"ఏం కాలేదు. పడుకుంటే ఇంకాస్త ఇరుగ్గా కనబడుతుంది."

"మూలగమంటావా కూడా?"

"మూలగొద్దు. ఆస్పత్రికి రాసిచ్చిపోతాడు."

అత్త నవ్వుకుంటూ చాప మీద ఒరిగింది. ఆమె ముప్పై ఏళ్ళు ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేసింది. ఇప్పుడు కళ్ళు సగమే కనబడతాయి గాని, నోటికి ఇంకా ఆవిరి తగ్గలేదు.

కొలతలాయన తొమ్మిదింటికి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చొక్కాల కట్ట మీదినుంచి దాటి, పెట్టె మూల మోకాలికి కొట్టుకుని, "అబ్బా" అన్నాడు. కాజాలమ్మకు లోపల సంతోషమేసింది. అతను టేపు తీశాడు. ఒక కొసను పెద్దమ్మాయి గోడకు పట్టుకుంది. పొడుగు పది అడుగులు. వెడల్పు తొమ్మిదికి రెండంగుళాలు తక్కువ. ఆ రెండంగుళాలు తక్కువని అతను పైకి చదివినప్పుడు కాజాలమ్మ తల గట్టిగా ఊపింది, తమ పక్షాన సాక్ష్యం దొరికినట్టు.

"ఎంతమందమ్మా?"

"ఐదుగురమండీ. అదిగో మంచం మీద మావారు. రాత్రి డ్యూటీ, నిద్రపోతున్నారు. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, నేను. అందర్నీ చూస్తారనే ఉంచాను."

అతను కాగితం మీద రాసుకున్నాడు. రాసినదాని కింద గీత గీశాడు. తరువాత కలం మూత పెట్టి, నేల చూస్తూ అన్నాడు. "ఇది నలుగురి గదమ్మా. మీరు ఐదుగురున్నారు."

"అవునండీ! అదే కదా మేం రాసుకున్నది. పదకొండు నెలలైంది దరఖాస్తు పెట్టి."

"దరఖాస్తు వేరే సెక్షనుకి పోతుంది. పెద్ద ఇళ్ళు వాళ్ళు చూస్తారు. గదిలో ఎక్కువమంది ఉంటున్నారా అని చూసేది మా సెక్షను. వాళ్ళు మీ కాగితం నకలు మాకు పంపారు." అతను ఆ నకలు చూపించాడు. కుటుంబ సభ్యుల సంఖ్య అన్నచోట, అందంగా, గుండ్రంగా, కాజాలమ్మ తన చేత్తోనే రాసిన ఐదు. "నలుగురికి మించితే గది వెనక్కి తీసుకోవాలి. నియమం అది. శుక్రవారం సాయంత్రం మళ్ళీ వస్తాను. ఈలోపల ఒకరు తగ్గాలి."

"తగ్గడమంటే?"

"ఇంకెక్కడైనా ఉండాలి. ఉంటున్నట్టు కాగితం తేవాలి."

అతను ఉత్తర్వు చేతికిచ్చి, ఈసారి పెట్టెకు తగలకుండా జాగ్రత్తగా దాటుకుని వెళ్ళిపోయాడు. చాప మీద అత్త ఇంకా పడుకునే ఉంది. ఇక లేవొచ్చని ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

భర్త మంచం మీద లేచి కూర్చున్నాడు. అతను నిద్రపోలేదు. మొహం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "నేను పోతాలే," అన్నాడు. "స్టోరేజి గేటు దగ్గర గార్డు గది ఉంది. పగలు కూడా అందులోనే పడుకుంటా."

పెద్దది ఉత్తర్వు వెనక వైపు చదువుతోంది. దానికి పధ్నాలుగేళ్ళు. ఇంటికి వచ్చే కాగితాలన్నీ అదే చదువుతుంది. "కుదరదు నాన్నా. గది ఎవరి పేరున ఉందో వాళ్ళు ఇందులో ఉండకపోతే గదే రద్దవుతుందట."

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి, ఎందుకు పెట్టిందో కాజాలమ్మకు గుర్తు రాలేదు.

"నేను హాస్టలుకి వెళ్తా," అంది పెద్దది. "అక్కడ ఒక్కొక్కళ్ళకి ఒక మంచం. పక్కన చిన్న బల్ల కూడా ఉంటుందట. లైటు వేసుకుని ఎంతసేపైనా చదువుకోవచ్చు."

అనుకున్నదానికంటే తొందరగా అనేసింది. అన్నాక దానికే సిగ్గేసి, కాగితం మడతలు సరిచేయడం మొదలుపెట్టింది. హాస్టల్లో చేర్చుకునేది ఏడాది మొదట్లోనే అని తల్లికీ తెలుసు, దానికీ తెలుసు.

"నేనెక్కడికీ వెళ్ళను," అంది చిన్నది. దానికి ఐదేళ్ళు.

"నిన్నెవరు పొమ్మన్నారే బంగారం," అంటూ అత్త మోచేతి మీద లేచి కూర్చుంది. "ఇక మిగిలింది నేనే కదరా అబ్బాయ్. ఇంతసేపు ఆలోచించే లెక్కా ఇది?"

వద్దనాలి. భర్త అంటాడని కాజాలమ్మ అతని వైపు చూసింది. కాజాలమ్మ అంటుందని అతను ఆమె వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు అనేసరికి కాస్త ఆలస్యమైంది. "అదేం మాటమ్మా," అని చివరికి అతనే అన్నాడు. కానీ ఆ గదిలో ఎవరు గుటక వేసినా అందరికీ వినబడుతుంది. ఆ ఆలస్యం కూడా వినబడింది.

మర్నాడు కాజాలమ్మ హౌసింగు ఆఫీసుకు వెళ్ళింది. వరసలో నిలబడి నిలబడి, మధ్యాన్నానికి కిటికీ ముందుకు చేరింది. లోపల గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, రాత్రిపూట మేం నలుగురమే. మావారు డ్యూటీలో ఉంటారు. పగలు పిల్లలు బడికి పోతారు, అప్పుడు ముగ్గురమే. రోజంతా ఐదుగురం గదిలో ఉండేది ఆదివారం ఒక్కరోజే."

గుమాస్తా శ్రద్ధగానే విన్నాడు. "మా పుస్తకంలో పగలూ రాత్రీ అని లేవమ్మా. తలలే ఉన్నాయి."

"పోనీ, ఆదివారం మేం ఐదుగురం బయట తిరుగుతాం."

వెనక నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు. గుమాస్తా కూడా నవ్వి, ఒక పుస్తకం తిరగేసి, ఒక చీటీ మీద చిరునామా రాసిచ్చాడు. "ముసలివాళ్ళ ఆశ్రమం. కొత్తగా ఒక హాలు కట్టారు. వాళ్ళ కాగితం మేం ఒప్పుకుంటాం. మీ అదృష్టం, మంచాలు ఖాళీగా ఉన్నాయి."

ఆ సాయంత్రం ఆమె ఆరు చొక్కాలే కుట్టగలిగింది. కాజా కుట్టడానికి చూపు ఒక్కచోట నిలవాలి. ముందు పట్టీ మీద సుద్దగీత చూసుకోవాలి, చిన్న బ్లేడుతో దాని పొడుగునా చీల్చాలి, చీలిన అంచు పోగులు విడిపోకముందే సూదితో పట్టుకోవాలి. ప్రతి కుట్టుకీ దారాన్ని సూది మొన చుట్టూ ఒకసారి తిప్పి లాగితే అంచు మీద చిన్న ముడి పడుతుంది. ముడి పక్కన ముడి, గోటికి గరుగ్గా తగిలేలా. కానీ ఆమె చూపు మాటిమాటికీ మంచం మీదికి పోతోంది. అత్త అక్కడ కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. తనకు తెలియకుండానే కాజాలమ్మ లెక్క వేస్తోంది: అత్త బట్టల మూట పోతే ఆ మూల ఖాళీ అవుతుంది, అక్కడ పెద్దదానికి ఒక బల్ల పడుతుంది, రెండడుగులదైనా చాలు. బల్ల మీద చిన్న లైటు. ఇలా లెక్క వేయడం ఆమెకు కొత్త కాదు. ఎన్నో ఏళ్ళుగా, నడుం నొప్పెట్టినప్పుడల్లా, ముసలామె దగ్గు వల్ల నిద్ర చెడినప్పుడల్లా, ఆ మూలను మనసులో ఖాళీ చేసి చూసుకుంది. చూసుకుని లెంపలు వేసుకుంది. ఇప్పుడు ఎవరో ఆ కోరికను విని, ముద్ర వేసి, కాగితం మీద పంపినట్టుంది.

వేలికి సూది గుచ్చుకుంది. తెల్ల చొక్కా. నెత్తుటి చుక్క బట్టకు అంటకముందే వేలు నోట్లో పెట్టుకుంది.

బుధవారం అత్తాకోడళ్ళు బస్సెక్కి ఆశ్రమానికి వెళ్ళారు. అత్త ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. పెళ్ళికెళ్ళినట్టుంది వరస. బస్సులో ఎవరు చోటిచ్చినా, అడక్కుండానే "కొత్తింటికి పోతున్నా" అని చెబుతోంది. కాజాలమ్మ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

హాలు నిజంగానే పెద్దది. పొడుగ్గా, తెల్లగా, రెండు వైపులా మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి చేతులు బార చాపుకుని నడిచేంత దూరం. అక్కడి నిర్వాహకురాలు లావుపాటి మనిషి, చెప్పులు టపటపలాడించుకుంటూ ముందు నడిచింది.

"ఇక్కడ మూలగకూడదా, మూలగొచ్చా?" అని అడిగింది అత్త.

"మీ ఇష్టం పెద్దమ్మా," అంది నిర్వాహకురాలు.

"టీ ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మా ఇంట్లో ఒకటిన్నరే. ఆ సగం మా కోడలు తన గ్లాసులోంచి పోస్తుంది."

కిటికీ పక్కన ఖాళీ మంచం చూపించారు. పరుపు మందంగా ఉంది. "ఒకసారి పడుకుని చూడండి, ఎత్తు సరిపోతుందో లేదో," అంది నిర్వాహకురాలు. అత్త చెప్పులు విడిచి ఎక్కింది. గోడవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మంచం అంచున చేరెడు చోటులో పడుకుంది. వెనక పరుపంతా ఖాళీ. ఇద్దరు మనుషులు పట్టే చోటు.

"కాళ్ళు చాపుకోండి పెద్దమ్మా, మంచం అంతా మీదే."

"చాపుతాలే," అంది అత్త. చాపలేదు. ఆమె కుడిచెయ్యి మాత్రం వెనక్కి వచ్చింది. ఖాళీ పరుపు మీద అటూ ఇటూ తడిమింది. చిన్నది రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందో సరిగ్గా అక్కడ, నెమ్మదిగా, జో కొడుతున్నట్టు రెండుసార్లు తట్టింది. మూడోసారి తట్టబోయి, చేతికి ఏమీ తగలక, ఆగిపోయింది. కళ్ళు మూసుకునే ఉంది.

కాజాలమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. బయట ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

"కాగితాలు ఇప్పుడే నింపేద్దామా?" అంది నిర్వాహకురాలు.

"రేపు వస్తాం," అంది కాజాలమ్మ. అత్త చెప్పులు తనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త ఊరికే మాట్లాడుతోంది. "బాగానే ఉందమ్మాయ్. గాలొస్తుంది. ఎవరి కాలూ ఎవరికీ తగలదు. నువ్వేం బాధపడకు. ఆదివారాలు చిన్నదాన్ని తీసుకురా, చాలు. నిజానికి నాకు ఎప్పట్నుంచో..."

"మీరు కాస్త నోరు మూసుకోండి అత్తయ్యా."

పదిహేనేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. అత్త నోరు మూసుకుంది. ఇల్లు చేరేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉన్నారు. బస్సు కుదుపులకు పడిపోకుండా పట్టుకున్నట్టే ఉంది చూసేవాళ్ళకు.

గురువారం కుట్టిన చొక్కాలు తీసుకుని కాజాలమ్మ దుకాణానికి వెళ్ళింది. మాస్టరు కత్తిరింపుల బల్ల మీద వంగి, మెడలో టేపు వేలాడుతుండగా, గళ్ళ బట్ట మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. ఆయన ప్రతి కాజాలోనూ గుండీ దూర్చి తీసి చూస్తాడు. అలా చూస్తున్నంతసేపూ ఆమె నిలబడింది. తరువాత అడిగింది.

"మాస్టరుగారూ, రాత్రిళ్ళు నేను ఇక్కడ పడుకోవచ్చా?"

ఆయన సుద్ద కింద పెట్టాడు. "మీ ఆయన కొట్టాడా?"

"అయ్యో, ఆయన దోమను కూడా కొట్టరు." ఆమె జరిగినదంతా చెప్పింది. ఆశ్రమం సంగతి మాత్రం చెప్పలేదు.

మాస్టరు చెడ్డమనిషి కాదు. కానీ ఆయన బుర్రలో కూడా ఒక టేపు ఉంది, దేన్నయినా ఇట్టే కొలుస్తుంది. దుకాణంలో ఒక మనిషి ఉంటే ఆయనకు ఏం లాభమో, ఏం నష్టమో నాలుగు క్షణాల్లో కొలిచేశాడు. "లోపలున్నవన్నీ జనాల బట్టలు. నాది కాదు సొత్తు. ఆరున్నరకి షట్టరు వేసి బయటినుంచి తాళం వేసుకుని పోతాను. మళ్ళీ పొద్దున ఏడింటికే తీసేది. మధ్యలో ఏం కావాలన్నా బయటికి రావడానికి ఉండదు. వెనక బాత్రూం ఉందిలే. ఎలాగూ ఖాళీగా కూర్చోవు కాబట్టి కాజాలు కుడతావు. పొద్దున పోయేముందు ఊడ్చి పో."

"బయటినుంచి తాళమా?"

"మరి?"

ఆమె షట్టరు వైపు చూసింది. తరువాత గడియారం వైపు చూసింది. ఆరున్నర నుంచి ఏడు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పన్నెండున్నర గంటలు. "సరేనండి. ఒక కాగితం మీద రాసివ్వండి, నేను ఇక్కడే ఉంటున్నానని."

ఇంట్లో చెప్పేసరికి భర్త డ్యూటీకి బయల్దేరబోతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టుకుంటున్నవాడు కట్టుకుంటున్నట్టే ఉండిపోయాడు.

"నువ్వా?" అన్నాడు.

"పిచ్చెక్కిందా దీనికి!" అత్త మంచం మీదినుంచి కేక వేసింది. ఆమె అలా కేకవేయగా అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. పక్కింట్లో రేడియో గొంతు తగ్గింది. "ఇల్లు నడిపేది బయటికి పోతే ఈ ఇంట్లో నేనుండి ఏం చేస్తాను, వాసాలు లెక్కపెట్టనా? నేను పోతానని చెప్పాను కదరా, ఆ మంచం కూడా చూసొచ్చాను కదరా!"

"వాసాలు లేవు అత్తయ్యా, పైన రేకులే," అంది కాజాలమ్మ. నవ్వుదామని చూసింది, కుదర్లేదు. "నా మాట వినండి. ఆయన రాత్రంతా ఉండరు. మీరు అక్కడికి పోతే తిరిగి రాలేరు. ఇంటికి తీసుకురావాలంటే ఆదివారం సంతకం పెట్టాలి, చీకటి పడకముందే మళ్ళీ దింపాలి, గోడ మీద రాసుంది, నేను చూశాను. నేనైతే పొద్దున ఏడింటికి వస్తాను. వంట చేస్తాను. చిన్నదాన్ని బడికి దింపుతాను. సాయంత్రం దాకా ఇక్కడే పడుంటాను. పోయేది రాత్రికే. మీది పోవడం, నాది పోయి రావడం."

"రాత్రి చిన్నది లేచి అమ్మా అంటే?" అంది అత్త.

పెద్దది గోడకు ఆనుకుని కూర్చుని పుస్తకంలో తల దూర్చింది. పేజీ తిప్పలేదు. భర్త రెండో బూటు తాడు కట్టుకోలేక రెండుసార్లు విప్పి మూడోసారి కట్టాడు. తరువాత లేచి, గుమ్మంలో నిలబడి, "పది రోజుల్లో ఏదో ఒకటి చూద్దాం," అన్నాడు. ఏం చూస్తాడో అతనికీ తెలియదు. అతను వెళ్ళాక కాజాలమ్మ ముఖం కడుక్కోవడానికని బయటి కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ఉంది. ఆ ఇంట్లో ఏడవడానికి ఎప్పుడూ చోటు లేదు.

శుక్రవారం కొలతలాయన నాలుగింటికి వచ్చాడు. ఇల్లు ఈసారి సర్ది ఉంది. పెట్టె మంచం కిందికి పోయింది, దుప్పట్ల మూట కొక్కేనికి ఎక్కింది. మాస్టరు రాసిచ్చిన కాగితాన్ని అతను రెండుసార్లు చదివాడు. ముసలామె వైపు చూశాడు, కాజాలమ్మ వైపు చూశాడు.

"మీరా వెళ్ళేది?"

"నేనేనండి."

అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచిలోంచి పెద్ద పుస్తకం తీసి మంచం మీద పరిచి, స్కేలు పెట్టి, ఆమె పేరు మీద ఎర్ర సిరాతో ఒక గీత గీశాడు. గీత ఎక్కడా వంకర పోలేదు. ఇష్టపూర్వకంగానే వెళుతున్నానని పక్కన సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. అతను ముద్ర వేసి, గది మీదేనని రాసిన కాగితం భర్త చేతికిచ్చాడు. అందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

అతను మాత్రం వెళ్ళలేదు. సంచిలో ఇంకా ఏదో వెతుకుతున్నాడు. చివరికి ఒక కవరు తీసి, ఎవరికివ్వాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, పెద్దమ్మాయికి ఇచ్చాడు. "ఇది ఆ రెండో సెక్షను వాళ్ళది. ఒకరు తగ్గితే ఇమ్మని, ముందే టైపు చేసి నా చేతికిచ్చారు."

పెద్దది చింపి చదివింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేసింది.

"గట్టిగా చదువు," అన్నాడు భర్త.

"ప్రస్తుత నివాసం కుటుంబ సభ్యుల సంఖ్యకు సరిపడుతున్నందున, పెద్ద ఇంటి కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తును రద్దు చేయడమైనది."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది అత్తకు. "అంటే, నలుగురమయ్యాం కాబట్టి ఇక ఇదే చాలంటున్నారా?"

"అవునండి."

"ఐదుగురమైతే ఈ గది లేదు. నలుగురమైతే ఆ ఇల్లు లేదు."

"అవునండి," అన్నాడతను మళ్ళీ. అతని చెవులు ఎర్రబడ్డాయి.

భర్త లేచి నిలబడ్డాడు. పిడికిలి బిగించి చెయ్యెత్తాడు. అతను ఏం చేస్తాడోనని పిల్లలు మంచం చివరికి జరిగారు. కొలతలాయన కూడా ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. ఆ గదిలో ఇక వెనక్కి పోవడానికి లేదు. భర్త అతని కళ్ళలోకి చూశాడు, చూసి, పిడికిలి విప్పి, ఆ చెయ్యి దేనికి ఎత్తాడో మర్చిపోయినట్టు తల మీద పెట్టుకుని మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు.

"మరి నా సంగతి?" అంది కాజాలమ్మ.

"కాగితం ప్రకారం మీరిప్పుడు ఈ కుటుంబంలో లేరమ్మా. కావాలంటే ఒంటరి మనిషిగా మీరు విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు." అతను ఓదార్పుగానే అన్నాడు. అన్నాక, అదెలా వినబడిందో తెలిసి, పుస్తకం సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

ఆరింటికి ఆమె బయల్దేరింది. ఒక దుప్పటి, ఒక సబ్బుబిళ్ళ, మర్నాడు కట్టుకునే చీర, సూదుల డబ్బా. చిన్నదానికి దుకాణంలో రాత్రి పని ఉందని చెప్పారు. అది నమ్మినట్టే తల ఊపి, గుమ్మందాకా వచ్చి, ఆమె కొంగు మాత్రం వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. విప్పింది అత్తే. కాజాలమ్మ చేతులు అందుకు రాలేదు.

మాస్టరు షట్టరు దించుతుంటే ఆమె బల్ల పక్కన నిలబడి చూసింది. బయట తాళం పడిన చప్పుడు వినబడింది. ఆయన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకున్నాడు, ఎప్పుడూ చేసేదే.

పొద్దున షట్టరు లేచేసరికి ఆమె ఊడవడం కూడా అయిపోయింది. ఇరవై రెండు చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి. మిగతావి సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టింది. నడక కాస్త కాస్తగా పరుగైంది. వరస మొదటి ఇల్లు దాటాక ఎవరైనా చూస్తారని మళ్ళీ నడకైంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తన ఇంటి తలుపు తను కొట్టడం ఆమెకు అలవాటు లేదు. వేళ్ళతో మెల్లగా తోసింది.

భర్త మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుని, చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, టీ ఎప్పుడు మరుగుతుందా అని చూస్తోంది. కోడల్ని చూసి మాట్లాడబోయి, వేలు పెదాల మీద పెట్టుకుని కిందికి చూపించింది.

రెండో శనివారం, బడి సెలవు. పెద్దది ఇంకా లేవలేదు. చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ తల పైకి పోయాయి, కాళ్ళు రెండూ బార్లా చాపుకుంది. చాప ఈ మూల నుంచి ఆ మూలదాకా అదే ఉంది. మడమలు చాప దాటి నేల మీదికి వచ్చాయి. నోరు కొంచెం తెరుచుకుని, కనుబొమ్మల మధ్య ఎప్పుడూ ఉండే ముడి విడిపోయి, లోకం మీద ఏ బెంగా లేనిదానిలా నిద్రపోతోంది. దాని మొహంలో అంత నిద్రను కాజాలమ్మ ఎప్పుడూ చూడలేదు. అది ఇంత పొడుగు ఎప్పుడైందో ఆమెకు తెలియదు. తనను మించిపోయింది.

లోపలికి వెళ్ళాలంటే దాన్ని దాటాలి, లేదా లేపాలి. అత్త లేపమన్నట్టు సైగ చేసింది. చిన్నది "అమ్మా" అనబోతుంటే దాని నోటి మీద తన చెయ్యి పెట్టింది.

"వద్దు అత్తయ్యా," అంది కాజాలమ్మ, పెదాలు మాత్రమే కదుపుతూ. "ఇంకాసేపు పడుకోనివ్వండి."

ఆమె తలుపు మళ్ళీ దగ్గరగా వేసింది. బయట మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి ఒక చొక్కా తీసి ఒళ్ళో పరుచుకుంది. దారం కొస నోట్లో తడిపి, సూది వెలుగుకేసి పట్టుకుంది. చాలాసేపటిదాకా దారం ఎక్కలేదు.